కలుపు చేపలు ఎవరి కంట్లో కలుపు?

మత్స్యశాఖ పుస్తకాల్లో ఒక మాట ఉన్నది: కలుపు చేపలు. బొచ్చె, రవ్వ, మోసు పెంచే మడుగులోకి పిల్లల్ని వదిలేముందు అందులో అదివరకే ఉన్న చేపల్ని ఏరిపారేయాలని ఆ పుస్తకాలు చెప్తాయి. ఏరిపారేయాల్సినవి రెండు రకాలట. మొదటివి వేటాడే చేపలు, అంటే కొర్రమట్ట, వాలుగ, మార్పు లాంటివి. రెండోవి కలుపు చేపలు, అంటే పరకలు, వేలెడంత, బెత్తెడంత ఉండే చిన్న జాతులన్నీ. ఏరే పద్ధతి కూడా రాశారు. హెక్టారుకు 2,500 కిలోల ఇప్ప చెక్క చల్లితే, అంటే ఎకరానికి వెయ్యి కిలోలు చల్లితే, దాంట్లో ఉన్న విషానికి చేపలన్నీ తేలిపోతాయి. రెండు మూడు వారాలకు విషం విరిగి ఆ చెక్కే మడుగుకు ఎరువైతది. అప్పుడు తెచ్చిన పిల్లల్ని వదలాలి.

మడుగు సొంతదైన ఆసామికి ఇది తెలివైన పనే కావచ్చు. ఇంత చెక్క పోసే పని పెద్ద చెరువులో జరగదు కూడా. అయితే చెక్క పోయకపోయినా మాట మాత్రం చెరువు దాకా వచ్చింది. చెరువు ఒడ్డున నిలబడ్డ ఆఫీసరు నోట్లోనూ, సంఘం లెక్కల పుస్తకంలోనూ పరక అంటే లెక్కలోకి రాని చేప. మరి ఆత్మకూర్ మండలంలో మాల మాదిగ వాడల పొయ్యి మీద ఉడికేది ఎక్కువగా ఏ చేప? ఆ లెక్కలోకి రానిదే. బొచ్చె ఐసు పెట్టెలకెక్కి సూర్యాపేటకో హైదరాబాదుకో పోతది. పరక పైట కొంగులో పడి వాడకు వస్తది. నాట్లకు పోయి వచ్చే ఆడవాళ్లు కాలువ మడికి దగ్గర చీర అడ్డం పెట్టి పట్టేది దాన్నే. చెరువు ఎండే వైశాఖంలో బురదలో చేతులు పెట్టి పిల్లలు పట్టేది దాన్నే. నాలుగు పరకలు, ఇంత చింతపులుసు ఉంటే ఆ పూట గట్కకు కూర దొరికినట్టే. కూలోడి కూరను కలుపు అని పేరు పెట్టినవాడు చదువు తక్కువైనవాడు కాదు. కాబట్టే ఈ మాట మీద కూర్చొని ఆలోచించాలి.

మనం పరిశోధనకు వ్యతిరేకులం కాదు, ముందే చెప్తున్నాం. చదువు మన ఇళ్లల్లోకి నిన్న మొన్న వచ్చింది. శాస్త్రం ఏం చేసిందో మరిచి మాట్లాడే హక్కు మనకు లేదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. రవ్వ, మోసు లాంటి చేపలు నిలవనీటిలో గుడ్డు పెట్టవు. వరదల్లో పారే నది కావాలె వాటికి. అందుకే అంతకు ముందు చేపపిల్ల కావాలంటే వానాకాలం నదుల్లో వలకట్టి ఏరుకురావాల్సిందే, అందులో ఏ జాతి పిల్ల ఎంతో తెలిసేది కాదు. ఈ ఇద్దరూ చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని తీసి, దాని రసం సూదితో ఎక్కించి, తొట్టిలోనే గుడ్డు పెట్టించారు. ఇవ్వాళ మన చెరువులో పడే ప్రతి బొచ్చెపిల్ల ఆ సూది పుణ్యమే. తర్వాత భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సీఫా అంటారు) నార్వే వాళ్లతో కలిసి, తొందరగా పెరిగే రవ్వను తరం తరం ఎంచుకుంటూ తయారుచేసి 1997లో జయంతి రోహు అని విడుదల చేసింది. ఇవి చిన్న పనులు కావు.

కాని ఏ పరిశోధనకైనా ముందు ఒక ప్రశ్న ఉంటది. ఆ ప్రశ్న ఎవరు వేశారన్నదే మన పట్టింపు. మన దేశపు జలాశయాల చేపల మీద వి.వి. సుగుణన్ రాసిన పెద్ద గ్రంథాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1995లో అచ్చువేసింది. దేశంలో జలాశయాల సగటు దిగుబడి హెక్టారుకు ఏడాదికి 20 కిలోలని అందులో తేల్చారు. ఎకరానికి ఎనిమిది కిలోలు! నిజంగానే సిగ్గుపడాల్సిన లెక్క. అప్పటి నుంచి ఈ 20ని ఎట్ల పెంచాలన్నదే పెద్ద ప్రశ్నయింది. ఎన్ని పిల్లలు వేయాలె, ఎంత సైజువి వేయాలె, ఎప్పుడు పట్టాలె. అన్నీ కిలోల ప్రశ్నలే. ఆ కిలోలు ఎవరి గంజిలోకి పోతున్నాయన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చినా ఒడ్డునే నిలబడ్డది.

ఆ ప్రశ్నను గట్టిగా వేసిన శాస్త్రవేత్త ఒక ఆడమనిషి. శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. ట్రినిడాడ్ దీవిలో పుట్టింది, ఆమె పూర్వీకులు మన దేశం నుంచి అక్కడికి పోయిన భారతీయులు. ఆమె బంగ్లాదేశ్ పల్లెల్లో పోషకాహారం లేక సొక్కిపోయిన పిల్లలను చూసి, ఈ పేదోళ్లు తినే చిన్న చేపల్లో ఏమున్నదని పరీక్ష చేయించింది. మోలా అనే చిన్న చేపలో ఎ విటమిను పెంపుడు చేపల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తేలింది. ఇది మన చెరువుల్లోనూ ఉండే జాతే, వెండి రంగులో వేలెడంత ఉంటది, ఊరికో పేరు. ఆ విటమిను చేప కండలో కాదు, ఎక్కువ భాగం కండ్లలో, కడుపులో ఉంటది. చిన్న చేపను ముల్లుతో సహా నమిలి తింటాం కాబట్టి ఎముకకు కావాల్సిన సున్నం కూడా దొరుకుతది. అక్కడితో ఆగలేదు. బొచ్చె, రవ్వ పెంచే మడుగులోనే మోలాను బతకనిస్తే పెద్ద చేప దిగుబడి ఏమీ తగ్గదని కూడా అక్కడి ప్రయోగాల్లో తేలింది. అంటే విషం పెట్టి చంపాల్సిన అవసరమే లేదన్నమాట! పైగా మోలా అందులోనే గుడ్డు పెట్టుకుంటది, ఏటేటా పిల్లలు కొనే పని లేదు. ఈ పనికే ఆమెకు 2021లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

ఒక చిన్న మాట, ముఖ్యంగా అక్కలకు, అవ్వలకు. పరకల తలలు తుంచి పారేయకండి. తుంచితే మందు పారేసి మాత్ర కాగితం మింగినట్టే.

మన దగ్గర సంగతి చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ ఉన్నట్టు తేలింది. అదే తెలంగాణ రాజధానిలో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ 2017లో 528 రకాల తిండి పదార్థాల్లో ఏమేముందో లెక్కగట్టి పట్టికలు అచ్చేసింది. ఎంతో విలువైన పని. ఆ పట్టికల్లో చేపలూ ఉన్నాయి. కాని ఆ పట్టిక ఆత్మకూర్ అంగన్వాడీ టీచరమ్మ చేతికి తెలుగులో, ఊరి చేపల పేర్లతో రావాలి కదా? ఒడిశాలో ఎండు చేప పొడిని అంగన్వాడీ తిండిలో పెట్టి చూశారు. మన దగ్గర ఎందుకు చూడకూడదు?

బడిలో నేనొక సంగతి గమనించాను. పిల్లలను చేపల పేర్లు చెప్పమంటే వాడ నుంచి వచ్చిన పిల్లలు, ముదిరాజుల పిల్లలు పోటీపడి చెప్తారు. కొర్రమట్ట, జెల్ల, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, చేదు పరక, ఉసికెదొందు... ఎర్రగా గుంపుగా తేలే కొర్రమీను పిల్లల్ని చూశారా అంటే, "సార్, అప్పుడు కొట్టొద్దు, కింద పెద్దది కావలి ఉంటది" అని ఒక పోరడు చెప్పాడు. నిజమే, కొర్రమీను తన పిల్లలకు కావలి కాస్తది. కావలి చేపను కొడితే గుంపు మొత్తం మిగతా చేపల పాలైతది. విశ్వవిద్యాలయంలో దీన్నే సంతాన సంరక్షణ అని చదువుతారు. వాడలో దీన్ని తాత చెప్తాడు. అదే పోరనికి పరీక్షలో చేప గురించి వచ్చే ప్రశ్న, మొప్పలతో శ్వాసిస్తుందా లేదా అన్నది. అన్నట్టు, మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే. బొమ్మలో రాష్ట్ర చేప, మడుగులో ఏరిపారేయాల్సిన చేప!

చెరువు గురించిన తెలివి మనది కానిది ఎప్పుడూ కాదు. తెలంగాణ ఊళ్లల్లో తూము ఎత్తి దించేవాడు నీరటి. ఎక్కువ ఊళ్లల్లో ఆ నీరటి మన కులాలవాడే. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు, మత్తడి ఎప్పుడు దుంకుతది, ఏ గండి పడేట్టున్నది, తొలకరి వరదకు ఏ వాగు మొదట్లో చేప ఎదురెక్కుతది, ఇవన్నీ అతని తలలో ఉండేవి. కట్ట మీద మట్టి మోసింది మన తట్టలే. కాని ఆయకట్టులో మనకు చారెడు భూమి లేదు, శిఖంలో పంట వేసుకుంటే దౌర్జన్యమన్నారు, అదే శిఖాన్ని పెద్దోళ్లు దున్నుకుంటే పట్టా అయింది. నీరటినీ మస్కూరినీ తర్వాత వీఆర్ఏలన్నారు. 2023లో ఆ వ్యవస్థనే తీసేసి వాళ్లను వేరే వేరే శాఖల్లో సర్దారు. నీరటి తలలో ఉన్న చెరువును మాత్రం ఏ శాఖా రాసిపెట్టుకోలేదు.

నీళ్లకూ మనకూ మధ్య గోడ ఎంత ఎత్తుందో మహద్ చవ్‌దార్ చెరువు దగ్గర 1927లో బాబాసాహెబ్ చూపించాడు. కారంచేడులో 1985లో నెత్తురు పారింది కూడా మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవతోనే, మున్నంగి సువార్త ఎత్తిన బిందెతోనే. చేప సంగతి దాని కంటే చిన్నదని ఎవరైనా అనొచ్చు. తాగే నీళ్లు, తినే తిండి, రెండూ ఒక్క చెరువులోవే.

ఇప్పుడు అసలు పనికొద్దాం. 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం పెట్టింది. ఎండాకాలం ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాది పొడుగునా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల అని లెక్క. మంచి పథకమే, మత్స్యకార కుటుంబాలకు ఆసరా. కాని ఏటేటా అవే ఫిర్యాదులు: పిల్లలు ఆలస్యంగా వచ్చాయి, సైజు లేదు, లెక్క తక్కువ, దారిలోనే సగం చచ్చాయి. పిల్లలు ఎక్కువగా వచ్చేది ఎక్కడో కైకలూరు, భీమవరం వైపు నుంచి లారీల్లో. బొటనవేలి గోరు కంటే కొంచెం పొడుగున్న పిల్లను కొర్రమట్టలూ వాలుగలూ ఉన్న చెరువులో పోస్తే ఏమైతది? అది విత్తనం కాదు, వాలుగకు వేసిన మేత. జలాశయాల్లో వదిలే పిల్ల 100 మిల్లీమీటర్లకు తగ్గొద్దని బారక్‌పూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎన్నడో చెప్పారు. పెద్ద పిల్లకు రేటెక్కువ, లారీలో పట్టేది తక్కువ. అందుకే శాస్త్రం ఒకటి చెప్తే టెండరు ఇంకొకటి చేస్తది.

దీనికి మందు మన ఊళ్లోనే ఉన్నది, మన చేతిలోనే ఉన్నది అంటున్నాం. ప్రతి ఊరికీ రెండో మూడో చిన్న కుంటలుంటాయి. ఎండాకాలం నెర్రెలిచ్చి ఎండుతాయి కాబట్టి చేపల పాటలో వాటినెవరూ పట్టించుకోరు. కాని పిల్లలు పెంచే నారుమడికి అట్లాంటి కుంటే కావాలె. ఎండిన కుంటలో కొర్రమట్ట ఉండదు, వాలుగ ఉండదు, విషం పెట్టే పని అసలే లేదు. వానలకు కుంట నిండినాక అంగుళం పిల్లను తెచ్చి వదిలి, తవుడూ పల్లి చెక్కా సమంగా కలిపి వేస్తే రెండు మూడు నెలల్లో వేలెడు పిల్ల అయితది. ఇంకా చిన్న, గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లను తెస్తే మాత్రం నీటిపురుగులు మింగుతాయి. దానికి ముందుగా సబ్బూ నూనే కలిపి నీటి మీద చల్లే పద్ధతున్నది. ఇదంతా ఎప్పటి నుంచో రుజువైన పనే, రాకెట్టు విద్య కాదు. నారు పోసి, పీకి, నాటేసే చేతులకు ఇది రాదా?

మన డిమాండు ఇది: పంచాయతీ చేతిలో ఉన్న చిన్న కుంటలను వాడల ఆడవాళ్ల సంఘాలకు పిల్లలు పెంచడానికి కనీసం అయిదేళ్ల కౌలుకు ఇవ్వాలె. ఆ పిల్లను ఊరి చెరువు కోసం మత్స్యకార సంఘమూ, పథకం కింద సర్కారూ కొనాలె. లెక్కపెట్టేది ఊరి ముందే, కొలిచేది స్కేలు పెట్టి ఊరి ముందే. పైసలు లేవని ఎవరూ అనకండి. ఎస్సీ ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చింది, 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. కేంద్ర పరిశోధన సంస్థలకూ షెడ్యూల్డ్ కులాల కోసం విడిగా నిధి ఉన్నది. ఒడిశాలో 2018 నుంచి పంచాయతీ చెరువులను మహిళా సంఘాలకు కౌలుకిస్తున్నారు, రవ్వ బొచ్చెలతో పాటు మోలాను కూడా పెంచమని నేర్పారు. ఒడిశా ఆడవాళ్లకు వచ్చిన పని ఆత్మకూర్ ఆడవాళ్లకు రాకుండా పోదు.

ఇక్కడ ముదిరాజు, గంగపుత్ర సోదరులకు ఒక మాట. చెరువులో పెద్ద చేప మీద మీ హక్కును ఈ పత్రిక ఎన్నడూ ప్రశ్నించదు. మీ నోటికాడి కూడు మాకొద్దు. మీరూ మీరూ సభ్యత్వాల కాడ కొట్టుకుంటుంటే, మీకూ మాకూ కొట్లాట పెట్టాలని చూసేవాడు వేరే ఉన్నాడు. ముందుగా అడ్వాన్సు ఇచ్చి, సంఘం పేరు మీద చెరువు మొత్తం తానే పట్టి, కాంటా కాడ కిలోకు ఇంత అని విదిలించే సావుకారి అతను. అతను ఉన్న చెరువులో సంఘం రబ్బరు స్టాంపే. కొల్లేటి కథ చదవండి. 1976లో ప్రభుత్వం కొల్లేరులో మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. పేరు మనది. కొన్నేళ్లకు కౌలు కాగితాలు పెట్టుబడి ఉన్నోళ్ల చేతికి పోయాయి, చెరువులు సరస్సంతా పాకాయి. 2006లో ప్రభుత్వమే వాటిని పగలగొట్టింది. పెట్టుబడిదారు ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు. కాగితం మీద పేరున్న పేదోడు గట్టు మీద మిగిలాడు. మన కుంటల విషయంలో ఇది జరగొద్దంటే, మారుకౌలు చెల్లదని మొదటి రోజే తీర్మానంలో రాయించాలె.

ఇంకో ప్రమాదం కూడా ఉన్నది. తొందరగా పెరుగుతదని, ఏం వేసినా తింటదని ఆఫ్రికా మార్పును దొంగచాటుగా పెంచేవాళ్లు మన జిల్లాల్లోనూ తగులుతారు. కోళ్ల, పశువుల వ్యర్థాలు మేపుతారు. 2000లోనే కేంద్రం దాన్ని నిషేధించింది. ఎందుకంటే అది గట్టు దాటి చెరువులో పడ్డదంటే మన మార్పునూ మన పరకనూ మిగలనియ్యదు. అగ్గువకు వస్తదని ఎవరైనా సంచిలో తెచ్చి ఇస్తే తీసుకోవద్దు. ఇక పడమటి వైపు మూసీ ఒడ్డు ఊళ్ల గతి వేరు. హైదరాబాదు మురుగంతా మోసుకొచ్చే ఆ నీటిలో బతికిన చేపను తినొచ్చా లేదా అని అక్కడి జనం అడిగితే, ప్రతి సీజనుకూ పరీక్ష చేసి ఊరి గోడ మీద రాసే దిక్కు ఉండాలె. పరిశోధన అంటే అది కూడా.

పరిశోధకులు మనకు దూరంలో లేరు. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలోనే పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉన్నది. గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. వనపర్తి జిల్లా పెబ్బేరులో 2017 నుంచి మత్స్య కళాశాల నడుస్తున్నది. హైదరాబాదులో చేప ఆకారంలో కట్టిన భవనంలో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కూర్చున్నది. వాళ్లను మనం అడగాల్సింది దానం కాదు. మా చెరువులో ఏ చిన్న చేపలున్నాయి, పదేళ్ల కింద ఉన్నవి ఏవి పోయాయి, మందుల నీళ్లకు పోయాయా, నీళ్లు ఎండి పోయాయా, తిరిగి తేవాలంటే ఏం చేయాలె, ఇది చెప్పండి అని అడగాలె. అడిగేముందు మన లెక్క మన దగ్గర ఉండాలె.

అందుకని ప్రతి ఊరి సంఘం ఒక నోటుబుక్కు పెట్టండి. ముసలవ్వలను, ముసలయ్యలను, మాజీ నీరటులను, ముదిరాజు పెద్దలను కూర్చోబెట్టి ఊరి చెరువులో చూసిన ప్రతి చేప పేరూ రాయండి. మీ ఊరి మాటలోనే రాయండి, పుస్తకం పేరు అక్కరలేదు. పేరు పక్కన: ఏ నెలలో దొరికేది, ఎంత పొడుగు, ఎవరు పట్టేది, అమ్మేదా వండుకునేదా, చివరిసారి ఏ ఏడు చూశారు. చిన్న కుంటలు ఎన్ని, ఏ నెలలో నిండి ఏ నెలలో ఎండుతాయి, ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా రాయండి. రాయడం వచ్చిన బడిపిల్లలకు ఈ పని అప్పజెప్పండి. చెరువు నీళ్లు దిగకముందే ఆ నోటుబుక్కుల నకళ్లు పత్రిక చిరునామాకు పంపితే, అన్నీ కలిపి పాలేరు కేంద్రానికి మన మనుషులే తీసుకుపోతారు.